మూత లోపలి పేరు

ముందుగదిలో అద్దాల అలమరా, దాని నిండా యుద్ధకాలపు తోలు దుర్భిణి పెట్టెలు. వాటిని పోగుచేసే పెద్దాయన, ఆయన భార్య, వాళ్ళకి ఎదురుగా కుర్చీలో ఓ టైలరమ్మ.

“అది కాదు అన్నయ్యగారూ, మూత తెరవమంటున్నాను.”

“తెరుద్దాం, తెరుద్దాం. ముందు బయట చూడండి. చాటునుంచి గురిపెట్టే సిపాయి తుపాకీకి దుర్భిణి ఉంటుంది చూశారూ, దాన్ని ఇందులో పెట్టి భుజాన తగిలించుకునేవాళ్ళు. ఇదిగో, అడుగున ముద్ర. గుర్రపు జీన్లు కుట్టే కార్ఖానా వాళ్ళది. యుద్ధం రాగానే జీన్లు మానేసి ఇవి కుట్టారు. మూడేళ్ళే! మిగిలినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.”

“కుట్టు బాగుంది. రెండు సూదులతో అటూ ఇటూ లాగారు. మైనం పట్టించిన దారం.”

“అబ్బ, ఇట్టే పట్టేశారే!”

“ముప్పై ఏళ్ళుగా మిషను తొక్కుతున్నాను, ఆమాత్రం తెలీదా? మూత...”

“మంచినీళ్ళు తాగుతారా? ఏమేవ్, చెల్లెమ్మకి...”

“రెండు గ్లాసులు తాగిందావిడ. ఇంకోటిస్తే మునుగుతుంది. ఏవండీ, ఇక నాన్చకండి.”

“నాన్చడమేంటి? కొక్కెం బిగుసుకుపోయింది.”

“నిన్ననేగా నూనె వేశారు!”

“అన్నయ్యగారూ, నాకు పెట్టె అక్కర్లేదు. మీ పాతవస్తువుల సంఘం పత్రికలో మీరే రాశారుగా, మూత లోపల ఇంకు పెన్సిల్‌తో సిపాయి పేరూ నంబరూ ఉన్నాయని. అది మా నాన్న నంబరు, అమ్మ పింఛను కాగితం మీదుంది. ఆయన చేతిరాత నేనెప్పుడూ చూడలేదు. ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను.”

“ఇంట్లో ఉత్తరాలేవీ...?”

“ఊరు ఖాళీ చెయ్యమంటే కట్టుబట్టలతో పరిగెత్తారట మావాళ్ళు. ఇంక ఉత్తరాలా! తెరవండి. ఆ, వచ్చింది. ఏదీ? కనిపించదేం? కిటికీ దగ్గరికి తేండి.”

“కిటికీ దగ్గరైనా అంతేనమ్మా.”

“ఇది కాదేమో. వేరే పెట్టేమో.”

“ఇదే.”

“మరి?”

“తుడిచేశాను.”

“తుడిచేశారా?”

“స్పిరిటూ దూదీ పెట్టి. పత్రికలో వేశాక ప్రదర్శన ఒకటి వచ్చింది. లోపల రాతలుంటే వెనక బల్ల మీదికట, శుభ్రంగా ఉంటే ముందు బల్ల. అందుకని... అరగంట కూడా పట్టలేదు.”

“ఫోటో అయినా తీశారా?”

“ముద్రకి తీశాను. నాలుగు.”

“కుట్టినవాళ్ళ పేరు దాచారు. మోసినవాడి పేరు తుడిచారు.”

“అనండి. ఇంకా అనండి.”

“అనడానికి నేనెవర్ని? పెట్టె మీది. వస్తాను, నాకు బస్సుంది.”

“ఇది పట్టుకెళ్ళండి చెల్లెమ్మా. మీదే అనుకోండి.”

“ఉత్త తోలు. నేనేం చేసుకోను?”

“వదినా, ఒక్క నిమిషం ఆగు. నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచీ ఈయనకి ముద్ద దిగలేదు. ఏవండీ, నాతో అన్నది ఆవిడతో కూడా చెప్పండి.”

“వద్దులే. ఇప్పటికే తల ఎత్తుకోలేకపోతున్నాను.”

“తల దించుకునే చెప్పండి. ఎవరొద్దన్నారు?”

“ఏంటండీ అది?”

“పేరూ నంబరే కాదమ్మా. కింద ఇంకో ముక్క ఉండేది. పెట్టెకి సంబంధం లేదు కదాని పత్రికలో రాయలేదు. తుడిచేముందు మాత్రం చదివాను. చదివి మరీ తుడిచాను.”

“ఏముంది?”

“‘ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.’ పక్కన తేదీ.”

“ఏ తేదీ?”

“ఐదో నెల, పంతొమ్మిదో తేదీ.”

“అది నేను పుట్టిన రోజు. కబురు చేరకుండానే పోయాడని చెప్పింది అమ్మ. పోయేదాకా అదే ఏడుపు ఆవిడకి. వదినా, అంటే... నేను పుట్టానని మా నాన్నకి తెలుసా?”