సేమియా పోగు కట్టిన కుక్క

కుక్కని కుదురుగా నడిపించడం తెలిసినవాళ్ళు విశాఖపట్నంలో ఎంతమందున్నారో గానీ, అడక్కుండానే చెప్పేవాడు మాత్రం ఒక్కడే. పేరు సన్యాసిరాజు. పోర్టులో ఓడలకి తాళ్ళు కట్టే పని చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఫిషింగ్ హార్బర్ గేటు ఎదురుగా, సింహాద్రి టీ బడ్డీ దగ్గర, రోడ్డుకి వీపు పెట్టి బల్ల మీద కూర్చుంటాడు. రోడ్డు మీద జరిగేవాటికన్నా తన నోట్లోంచి వచ్చేవే బాగుంటాయని ఆయన నమ్మకం.

ఆ శనివారం అనూరాధ కోరి మరీ అడిగింది. ఇంకేం కావాలి.

పాపం, అడగక ఆమెకి తప్పలేదు. ఆమె చేతిలో నైలాన్ తాడు, తాడు చివర సొర. సొర అంటే చేప కాదు, కుక్క. బోట్లు ఆగే జెట్టీ మీద దొరికిన కుక్కపిల్లని ఆమె మొగుడు గణేష్ ఇంటికి తెచ్చి, దాని పళ్ళు చూసి ఆ పేరు పెట్టాడు. గణేష్ బోటెక్కి వేటకెళ్ళి పది రోజులైంది. అప్పట్నుంచి గుమ్మం దాటితే చాలు, సొర జెట్టీ వైపు ఒకటే లాగడం. మొన్న అత్త పోతమ్మ తాడు పట్టుకుంటే ఆవిణ్ణి రోడ్డు మీద బోర్లా పడేసింది. ఆవిడ కుడిచెయ్యి బెణికింది. ఆదివారం లోపల ఇది తిన్నగా నడవకపోతే యారాడలో చెల్లెలింటి దగ్గర కట్టేసి వస్తానని పోతమ్మ తేల్చేసింది. అంటే రేపే. గణేష్ సోమవారం వస్తాడు, దిగీ దిగగానే సొరేదీ అంటాడు. ఆ మాట తలుచుకుంటేనే అనూరాధకి ఏడుపొస్తోంది.

"కుక్కని నడపడం ఏటుందమ్మా," అన్నాడు సన్యాసిరాజు టీ ఊదుకుంటూ. "మా పోర్టులో ఒక పెద్దాఫీసరుండీవోడు. ఆయనకో కుక్క, దూడంతుంటాది. ఆఫీసరు కుక్కని తిప్పుతన్నాడని ఊరంతా అనుకునీది గానీ, కుక్కే ఆఫీసరుని తిప్పీది. ఒకరోజు కాలవలో పడేసింది. అప్పుడు నన్ను పిలిసి, సన్యాసిరాజూ, అంతంత ఓడల్ని కట్టీవోడివి, దీన్ని కట్టలేవేటి అన్నాడు. కట్టడం కాదు సార్, నడిపిస్తాను అన్నాను. ఎలగో తెల్సా? ఓడ ఆగీ బెర్తు మీద దాని తాడు తగిలించీ ఇనప దిమ్మ ఉంటాది సూడు. ఓడ ఎంత లాగినా దిమ్మ అరస్తాదా? తిరిగి లాగుతాదా? నిలబడుంటాది. అంతే. తాడు బిగిసిందా, దిమ్మలాగ నిలబడిపో. వదులైందా, అడుగెయ్. మూడు రోజుల్లో నా మడమ పక్కనే నడిసింది."

"మూడు రోజులేనేటి మావా?" అన్నాడు ఆటో ఉమామహేష్. రోజూ ఈ వేళకి ఆటో పక్కన పెట్టేసి వచ్చి కూర్చుంటాడు, టీ కోసం కాదు.

"రెండున్నర. మిగతా సగం రోజు ఆఫీసరుకి నేర్పినాను."

అనూరాధ నవ్వలేదు. ఈ మాటలో ఎక్కడో పనికొచ్చేది ఉందని ఆమెకి అనిపించింది. "మావయ్యా, బిగిసినప్పుడు ఎంతసేపు నిలబడాలి?"

"అది ఎనక్కి తిరిగి నిన్ను సూసీవరకు," అని, ఈగని తోలినట్టు ఆ ప్రశ్నని తోలేశాడు సన్యాసిరాజు. అసలు కథ ఇంకా ముందుంది మరి.

అనూరాధ లేచి సొరని తీసుకుని రోడ్డు మీదకెళ్ళింది. సొర జెట్టీ వైపు ఒక్క గుంజు గుంజింది. ఆమె రెండు చేతులా తాడు పట్టుకుని నిలబడిపోయింది. ఐసు బండివాడు హారన్ కొట్టి తప్పుకుని పోయాడు. చేపల గంపలావిడ ఏటైందమ్మా అని అడిగింది. అనూరాధ పలకలేదు, దిమ్మ పలకదు కదా. చాలాసేపటికి సొర తల తిప్పి, ఈవిడకేమొచ్చింది అన్నట్టు చూసింది. తాడు వదులైంది. ఒక్క అడుగు వేశారు. మళ్ళీ గుంజింది.

"ఆ తర్వాత ఏటైందో తెల్సా?" బడ్డీ దగ్గర సన్యాసిరాజు గొంతు పెరిగింది. "ఆఫీసరు నమ్మలేదు. తాడు తీసేసి మల్లెపూల దారం కట్టినాను. తెగలేదు. దారం తీసేసి సేమియా పోగు కట్టినాను. ఆదివారం సాయంత్రం, అంత జనంలో, బీచ్ రోడ్డు ఈ కొస నుంచి ఆ కొసకి నడిపించినాను. పోగు తెగితే ఒట్టు. ఇంటికొచ్చాక మా ఇంటిది జోగమ్మ దాన్నే పాయసంలో ఏసింది."

"ఉడికిన సేమియానా, ఉడకందా?" అడిగాడు సింహాద్రి, టీ తిరగబోస్తూ.

"ఉడికింది ఎవడన్నా కడతాడేటి బావా, జారిపోదూ."

అనూరాధ ఆయాసపడుతూ వచ్చింది. "మావయ్యా, వదులైనప్పుడు ఏదైనా పెట్టాలా?"

"పెట్టు, పెట్టు," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. ఉమామహేష్ తన బిస్కట్లు రెండు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మళ్ళీ వెళ్ళింది.

"కుక్క సంగతి ఒగ్గీ. బొగ్గు ఓడొకటి హార్బరు ఛానల్లోకొచ్చి మొండికేసింది. ఓడని లాగీ టగ్గు బోట్లు రెండూ ఇటు లాగుతన్నాయి, అదేమో సముద్రం వైపు లాగుతన్నాది. ఒరే, లాగినకొద్దీ లాగుతాదిరా, అదీ కుక్కా ఒకటేరా అని అరిసి, టగ్గులు విప్పించీసి, తాడు నా సేతికి తీసుకున్నాను. బిగిసింది. దిమ్మలాగ నిలబడిపోనాను. పది నిమిషాలకి ఓడ ఎనక్కి తిరిగి నాకేసి సూసింది."

"ఓడా?"

"మరి. వదులైంది, అడుగేసినాను. అలగే బెర్తు దాకా నా పక్కనే వచ్చింది. కెప్టెను దిగొచ్చి, దీనికేటి పెట్టమంటారు అనడిగినాడు. బిస్కట్టు పెట్టమన్నాను."

ఉమామహేష్ నవ్వాపుకోలేక బల్ల పట్టుకున్నాడు. కానీ అతని చూపు సన్యాసిరాజు భుజం మీదుగా రోడ్డు మీదకి పోయింది. ఎనిమిదోసారో తొమ్మిదోసారో, తాడు బిగవకముందే సొర ఆగి, తల తిప్పి అనూరాధని చూస్తోంది. సింహాద్రి కూడా గిన్నె దించేసి చూస్తున్నాడు. ఇద్దరూ అలా నోరు తెరవడం తన కథకేననుకుని సన్యాసిరాజు ముందుకి జరిగాడు.

"అసలుది వినండి. ఒక తుపాను మన మీదకొస్తన్నాది. టీవీలన్నీ గోల. నాను తాడు సుట్ట భుజానేసుకుని డాల్ఫిన్స్ నోస్ కొండెక్కినాను. తుపానుకి కన్నుంటాది కదా, కన్నున్నాక మెడుండదేటి? ఏసినాను ఉచ్చు. ఊగిపోతన్నాది, కొబ్బరిసెట్లు ఎగిరిపోతన్నాయి, నాను కదల్లేదు. రాత్రి బిగిసిన తాడు తెల్లారి వదులైంది. నెమ్మదిగా భీమిలి దాకా నడిపించి, సముద్రంలోకి తిప్పి, కూకో అన్నాను. కూకున్నాది. తుపాను బలహీనపడిందని వార్తల్లో సెప్పినారు. ఎందుకు బలహీనపడిందో ఒక్కడు సెప్పినాడా?"

ఇద్దరి చూపులూ ఆయన వెనక రోడ్డు మీదే ఉన్నాయి. సన్యాసిరాజు అప్పుడు వెనక్కి తిరిగాడు.

చేతికి కట్టుతో పోతమ్మ రోడ్డు మీద నిలబడి ఉంది. "ఏటే, దీనికి మందేటైనా పెట్టినావా?" అంటోంది.

"ఓసారి పట్టుకుని సూడత్తా. గుంజితే దిమ్మలాగ ఆగిపో."

పోతమ్మ భయపడుతూనే ఎడంచేత్తో తాడు పట్టుకుంది. సొర జెట్టీ వైపు రెండడుగులేసింది. పోతమ్మ ఆగింది. సొర ఆగి, తిరిగి, ఆవిడ మొహంలోకి చూసి పక్కకొచ్చింది. గేటు దాకా వెళ్ళి వచ్చారు. వదులు తాడు ఇద్దరి మధ్యా నేల మీద రాసుకుంటూ వచ్చింది.

"సోమవారం ఆడి బోటొచ్చీసరికి దీన్ని నానే జెట్టీకి తీసుకెల్తాను," అంది పోతమ్మ. "ఎవలు నేర్పినారే?"

"సన్యాసిరాజు మావయ్య," అంది అనూరాధ. కళ్ళు తుడుచుకుంది.

సన్యాసిరాజు గ్లాసులో టీ అప్పటికే సగం ఆయన పంచె మీద ఉంది. "ఓలమ్మా," అన్నాడు. "నిజంగానే నడస్తన్నాదేటి?"

సింహాద్రి గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టాడు. "అదేటి బావా, తుపాను నడిసినప్పుడు కూడా నువ్వింత ఆశ్చర్యపోనేదు."

ఉమామహేష్ నవ్వుకి బల్ల ఊగింది. సన్యాసిరాజు పంచె దులుపుకున్నాడు, తువ్వాలు భుజం మార్చుకున్నాడు, రోడ్డు దాటి అనూరాధ దగ్గరకెళ్ళి, బడ్డీకి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, మా ఇంట్లోనూ ఒక కుక్కున్నాది. కాలవలో పడింది ఆఫీసరు కాదు, నానే. అప్పట్నుంచి దాన్ని జోగమ్మే తిప్పుతన్నాది. రేపొకపాలి వచ్చి దాని తాడట్టుకుంటావేటి?"

 ఇన్ని అబద్ధాల మధ్య దిమ్మలా నిలబడాలన్న ఆ ఒక్క నిజం ఎలా దొర్లిందో అనూరాధకి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

"వస్తాను మావయ్యా," అంది. "సేమియా ఉంచు."