పదికి మూడు

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదప్పా," అని మొదలుపెట్టినాడు దేవేంద్ర, బైరప్ప టీ అంగడి బెంచీ మీద కాలు మీద కాలేసుకుని. "నేను చేసింది చిన్న పని. ఒక ఉత్తరం రాసినాను. అంతే."

ఆ ఉత్తరం రాసింది నేను.

ఈ మాట అప్పుడే అనేసి ఉంటే కథ ఇంత పొడుగయ్యేది కాదు. అనలేకపోయినాను. ఎందుకో ముందు చెప్తాను.

హోసూరు మూకండపల్లిలో, ఈ టీ అంగడి పక్కనే, దేవేంద్రది వీడియో గేమ్ సెంటర్. నాది ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి పొద్దున ఏడింటికే పోయి ఆడుకునేదాన్ని. ఆడపిల్ల ఒంటరిగా అట్లాంటి చోట కూర్చుంటే వీధికి కండ్లు ఎక్కువ. అందుకని మా అవ్వ పుట్టమ్మ నా వెంట వచ్చి, వెనక స్టూలు మీద ఆకువక్క నములుతా కూర్చునేది. నేనాడింది జంట కిరీటాలు అని మేము పిలుచుకునే ఆట. రెండు వేరే వేరే కంపెనీల ఆటల్లోని మనుషులు, కత్తులవాళ్లు ఒకవైపు, రాకెట్లవాళ్లు ఇంకోవైపు, ఒకే ఊళ్లో వచ్చి పడతారు. ఒకరి భాష ఒకరికి రాదు. మనం వాళ్లలో ఒకరమై తిరగాలి, మాట్లాడాలి, పోట్లాడాలి. ముగించేదానికి నాకు డెబ్బై ఆరు గంటలు పట్టింది.

బెంగుళూరి గేముల పత్రిక ఒకటి ఆ ఆటకి పదికి మూడు మార్కులేసింది. 'కథ లేదు, వాగుడు ఎక్కువ' అని ఒక్క ముక్కలో తేల్చేసింది. నాకు ఒళ్లు మండింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాసినాను. దేవేంద్ర డిస్కుల కోసం వారం వారం బెంగుళూరు పోతాడు కదా, పత్రిక ఆఫీసులో ఇచ్చి రమ్మని కవరు చేతికిచ్చినాను. ఇచ్చి వచ్చినాడు. కడపటి పేజీలో నా పేరు కొట్టేసి, తన పేరు రాసి.

పత్రికవాళ్లు నాలుగు పేజీలూ అచ్చేసినారు. ఆటని మళ్లీ ఆడి చూసి ఎనిమిది మార్కులేసినారు. ఇక ప్రతి నెలా ఒక పేజీ రాయమని అడిగేదానికి, ఫోటో తీసుకుపోయేదానికి ప్రసాదు అనే ఆయన్ని హోసూరు పంపినారు. ఆయనే ఇప్పుడు ఆ బెంచీ చివర, కెమెరా ఒళ్లో పెట్టుకుని కూర్చునుండేది. ఆ పేజీ నాకు రావాల్సింది.

నేను ముందే దేవేంద్రని నిలదీసినాను. నవ్వినాడు. "ఆడపిల్ల పేరుంటే ఎవరు చదువుతారమ్మా? నీ మేలుకే చేసినాను. నోరు తెరిచినావంటే మెమరీ కార్డు తుడిచేస్తాను." ఆడిన ఆటనంతా దాచిపెట్టే అగ్గిపెట్టంత ముక్క అది. సెంటర్లో అందరికీ కలిపి ఒకటే కార్డు, అతని సొరుగులో ఉంటుంది. నా డెబ్బై ఆరు గంటలూ దాంట్లోనే ఉన్నాయి. అది తప్ప నాకు ఇంకో సాక్ష్యం లేదు. అందుకే అవ్వ పక్కన నిలబడి, పండ్లు కొరుక్కుంటా విన్నాను.

"ఆ పత్రిక చదివినప్పుడు నాకు కోపమొచ్చిందప్పా," అంటున్నాడు దేవేంద్ర. "నాకు కోపమొస్తే ఎట్లుంటుందో ఈ బైరప్పను అడగండి."

"నాకు తెలీదప్పా," అన్నాడు బైరప్ప, పాలు పొంగకుండా చూసుకుంటా.

"చూసినారా, భయపడి చెప్పడం లేదు. ఆ కోపంలో పెన్ను కాగితం మీద పెడితే కాగితం ఎర్రగా కాలింది, పెనం మీద చపాతీ మాదిరి. 'ఒక గంట ఆడి మార్కులేసేవాడు, వాకిట్లో చెప్పులు చూసి ఎనక్కి పోయి, పెండ్లి భోజనం బాగలేదని ఊరంతా చెప్పేవాడు' అని రాసినాను. ఎట్లుంది?"

ప్రసాదు తలూపి నోట్‌బుక్కులో రాసుకున్నాడు. అది నా మొదటి పేజీలో మొదటి వాక్యం. మూడు రాత్రులు కొట్టేసి కొట్టేసి రాసుకున్న వాక్యం.

"ఉత్తరం జోబులో పెట్టుకుని బస్సెక్కినాను. అత్తిబెలె వచ్చేలోపలే జోబులోంచి పొగ. చెక్‌పోస్టులో బస్సు ఆపినారు, మూటలన్నీ దింపించినారు. ఆఫీసరు నా దగ్గరికి వచ్చి, 'ఏం సరుకు?' అన్నాడు. 'కోపం సార్,' అన్నాను. 'ఎంత?' 'నాలుగు పేజీలు.' ఆయన సెల్యూట్ కొట్టి గేటెత్తేసినాడప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీ ఎడిటరు మొదటి పేజీ చదివి రెండు చెంబుల నీళ్లు తాగినాడు."

"మా ఎడిటర్ ఆడామె అండీ," అన్నాడు ప్రసాదు.

"ఆమె చదివింది, పక్కనున్నాయన తాగినాడు. వినండి ముందు. ఆ మూడు మార్కులేసినోడు మేజా కింద దూరినాడు. కాలర్ పట్టి బయటికి లాగినాను. నాలుగు వేస్తానన్నాడు. ఊరికే చూసినాను. ఆరన్నాడు. ఇంకా చూసినాను. తొమ్మిదన్నాడు, పదన్నాడు, నేను కన్ను ఆర్పలేదు. పదకొండు అనేసినాడప్పా. పదికి పదకొండు. అచ్చేసే మిషన్‌కి ఆ లెక్క అర్థం కాక నిలిచిపోయింది. బాగు చేసేదానికి జర్మనీ నుంచి మనిషి రావాల్సొచ్చింది."

"మేం వేసింది ఎనిమిదే కదా."

"అచ్చులో ఎనిమిది. లోపల్లోపల పదకొండు."

పక్కన టీ తాగుతున్న లింగప్ప ముందుకి జరిగి కూర్చున్నాడు. జవళగిరి రైతు, ఏదో పని మీద హోసూరు వచ్చి బస్సుకి టైముందని ఆగినాడు. "తర్వాత?" అన్నాడు. దేవేంద్రకి అంతకంటే ఏం కావాల.

"తర్వాతనా? ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, యాడాడ ఆటలకి మార్కులేసేవాళ్లు ఉండారో వాళ్లందరూ, నలభై మంది, ఒక బస్సు మాట్లాడుకుని ఈడికే వచ్చి పడినారు. ఈ వీధిలో వరసగా నేల మీద కూర్చోబెట్టినాను. 'ఎంతసేపు ఆడినార్రా?' అని అడిగినాను. ఒకడు అరగంట అంట. ఒకడు డబ్బా మీది బొమ్మ చూసినాడంట, అంతే. నా రక్తం ఉడికింది. మనుషులు ఏండ్ల తరబడి కండ్లు పోగొట్టుకుని చేసినదాన్ని అరగంటలో చంపేదానికి సిగ్గు లేదా మీకు అని అరిచినాను. ఆ అరుపుకి కృష్ణగిరి కోట గోడలో ఒక రాయి కదిలింది. కావాలంటే పోయి చూసుకోండి."

ఆ ఆటని దేవేంద్ర ఆడింది నలభై నిమిషాలు. మూడో పోట్లాటలో చచ్చిపోయి, 'ఇదేం ఆట, అంతా మాటలే' అని లేచిపోయినాడు. నేనూ అవ్వా చూస్తానే ఉన్నాం.

"తొమ్మిది రోజులు వాళ్లని కూర్చోబెట్టి ఆడించినాను. టీలన్నీ ఈ బైరప్పే పోసినాడు."

"నేనెప్పుడు పోసినానప్పా?"

"నువ్వు ఆ వారం అత్తిముగం పోలేదా, మీ బామ్మర్ది పెండ్లికి? అందుకే నీకు తెలీదు."

"నేను ఊళ్లో లేకపోతే టీ ఎవరు పోసినారు?"

"నీ పేరు మీద నేనే పోసినాను. చెడ్డపేరు రానిస్తానా? ఏడో రోజు కరెంటు పోయింది. అత్తిముగం నుంచి బావుల డీజిల్ ఇంజన్లు పన్నెండు తెప్పించినాను. ఆ చప్పుడుకి, ఆటలోని పాటకి, జవళగిరి అడవిలోంచి ఏనుగులు వచ్చినాయి. పదిహేడు. రోడ్డుకి ఎడమ పక్కనే, వరస తప్పకుండా. సెంటర్లో చోటు లేదు కదా, బయట కూర్చుని కిటికీలోంచి చూసినాయి. పొట్టివి ముందర, పొడుగువి ఎనక. కత్తుల రాజు చచ్చిపోయే చోట పెద్ద ఏనుగు ఏడ్చింది చూడండి, ఈ వీధి బోరులో అప్పుడు పడిన నీళ్లే ఇంకా వస్తాండాయి. పోయేటప్పుడు నా తల మీద తొండం పెట్టి మాటిచ్చినాయి, ఇంక ఎవరి రాగి చేనూ ముట్టమని."

"పోయిన వారమే మా చేనంతా తొక్కేసినాయి కదప్పా," అన్నాడు లింగప్ప.

"అవి ఆట చూడని ఏనుగులు లింగప్పా. ఆ గుంపు వేరే."

అందరూ నవ్వినారు. నాకూ నవ్వొచ్చింది. దొంగకి నవ్వించే నోరు కూడా ఉన్నందుకు నాకు ఇంకా కోపమొచ్చింది. నా నాలుగు పేజీల్లో మొదటి పేజీ దాటి ఒక్క మాట అతని నోట రాలేదన్నది అప్పుడే గమనించినాను.

"ఆ సంగతి జపాను దాకా పోయింది. రెండు కంపెనీల యజమానులు, ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు, ఒకే హెలికాప్టర్లో వచ్చి కృష్ణగిరి డ్యాం కట్ట మీద దిగినారు. దిగి ఏమన్నారో తెలుసా? 'దేవేంద్రప్పా, కడపట వచ్చే రాక్షసుణ్ణి తయారు చేసింది మేమే, చంపేదానికి మాకే చేత కావడం లేదు.' నేను కుడిచేతిలో టీ గ్లాసు అట్లే పట్టుకుని, ఎడమచేత్తో చంపినాను. వాడు పడిన దుమ్ము టీవీలోంచి లేచి ఈ బెంచీ మీద పడింది. ఇదో." బెంచీ మీద వేలితో రాసి ప్రసాదుకి చూపించినాడు.

అవ్వ నమలడం ఆపింది. "రాక్షసుడు యాడుండినాడే?" అంది, నాకు మాత్రమే వినపడేట్ల.

"ఊరుకో అవ్వా," అన్నాను. సొరుగులోని కార్డే నా కండ్ల ముందర ఉండింది.

ప్రసాదు కెమెరా తీసినాడు. "బాగుందండీ. ఫోటోకి ముందర ఒక్క విషయం. కడపటి పేజీలో మీ అవ్వ గురించి రాసినారు కదా, ఆఫీసులో అందరికీ అదే నచ్చింది. ఆట మొత్తం మీ వెనక కూర్చుని చూసిందని, ఆటలో మీ మనిషికి ఆమె పేరే పెట్టుకున్నారని. పుట్టమ్మగారు. ఆమెని కూడా ఫోటోలోకి రమ్మంటారా?"

పేరు కొట్టేసేదానికి కడపటి పేజీ తెరిచినోడు, ఆ పేజీలో పైన ఏముందో చదవలేదు. మా అవ్వని దినామూ చూస్తాడు గాని ఆమెకొక పేరుంటుందని అతనికెప్పుడూ తోచలేదు. తెలీదు అనే మాట అతనికి నోరు తిరగదు. దుఃఖమొచ్చినట్ల తల వంచుకున్నాడు.

"మా అవ్వ లేదప్పా," అన్నాడు. "రాక్షసుడు పడిన నిమిషంలోనే సంతోషం పట్టలేక ప్రాణం ఇడిసింది. ఈ చేతుల్తోనే కొరివి పెట్టినాను. అంతా గంధపు చెక్కలే. పుట్టమ్మ పాడెని జపానువాళ్లు ఇద్దరూ చెరో పక్క మోసినారు. ఎనక పదిహేడు ఏనుగులు."

బైరప్ప టీ వడగట్టేది ఆపినాడు. తల తిప్పి మా అవ్వని చూసినాడు.

అవ్వ ఆకువక్క పక్కకి ఉమ్మేసి, కొంగుతో నోరు తుడుచుకుంది. "నన్నెప్పుడు కాల్చినావప్పా దేవేంద్రా?"

ప్రసాదు లేచి నిలబడినాడు. "మీరు..."

"పుట్టమ్మ. ఇది నా మనవరాలు నళిని. ఆ స్టూలు మీద నడుము విరిగేట్ల కూర్చున్నది నేను. కడపట రాక్షసుడూ లేడు, దయ్యమూ లేదు. కత్తోడూ రాకెట్టోడూ కొట్లాడి కొట్లాడి అలిసిపోయి, మాట తెలీకపోయినా ఒకే గిన్నెలో కూడు తింటారు. అంతే, ముగిసిపోతుంది. ఇంగ్లీషు రానిదాన్ని నాకే అర్థమయింది."

దేవేంద్ర ప్రసాదు చెయ్యి పట్టుకున్నాడు. "చూసినారా నా ఉత్తరం మహిమ? పోయిన అవ్వ లేచొచ్చి మాట్లాడతాంది."

ఎవరూ నవ్వలేదు. నా నోరు అప్పుడు తెరుచుకుంది.

"చెప్పులు చూసి పోయినోడివి నువ్వే దేవేంద్రప్పా. అది నీ గురించే రాసినాను, నీకు తెలీలేదు. రెండో పేజీలో ఏముందో చెప్పు. చెప్పలేవు. నేను చెప్తాను. ఈ అంగట్లో కన్నడంలో అడిగితే తమిళంలో బదులొస్తుంది, తెలుగులో టీ వస్తుంది. రాకెట్టోడు ఆ ఊళ్లో నీళ్లడిగేదానికి అరగంట పడుతుంది, దాన్ని మీరు వాగుడన్నారు. మా ఊళ్లో దాన్నే బతకడం అంటాం. ఇదీ రాసింది. నేను రాసింది."

దేవేంద్ర గబగబా సెంటర్లోకి పోయినాడు. సొరుగు లాగిన చప్పుడు వినపడింది. మళ్లీ లాగినాడు. కింద ఒంగి వెతుకుతున్నాడు.

అవ్వ ఆకువక్క సంచి విప్పి, సున్నం డబ్బీ పక్కనుంచి కార్డు తీసింది. "పొద్దున సెంటర్లో నువ్వు కునుకు తీస్తాంటే సొరుగులోంచి ఎత్తుకున్నానప్పా. దీన్ని పెట్టేదీ తీసేదీ డెబ్బై ఆరు గంటలు చూసినదాన్ని."

అందరం సెంటర్లోకి పోయినాం. ప్రసాదు చేత్తోనే కార్డు పెట్టించినాను. టీవీలో వరసగా పేర్లు వచ్చినాయి. అందరికంటే పైన పుట్టమ్మ, డెబ్బై ఆరు గంటల పదకొండు నిమిషాలు. అందరికంటే కింద దేవేంద్ర, నలభై నిమిషాలు. లింగప్ప బస్సు తప్పిపోయింది, అయినా కదల్లేదు.

ప్రసాదు నోట్‌బుక్కులో పైనున్న పేరు అడ్డంగా కొట్టేసినాడు. "వచ్చే నెల పేరు సరిచేసి వేస్తాం. ఎట్ల వేయమంటారు?"

"నళిని. దాని పక్కన ఇంకెవరి పేరూ వద్దు."

"ఇక నెల నెలా ఆ పేజీ మీదే. మొదటి నెలకి ఏం రాస్తారు?"

తలుపు దగ్గర నిలబడిన దేవేంద్ర వైపు చూసినాను. "ఇప్పుడు విన్నదానికి మార్కులేస్తాను. పదికి మూడు. కథ లేదు, వాగుడు ఎక్కువ."

"నన్ను కాల్చి బూడిద చేసినోనికి మూడెందుకే?" అంది అవ్వ.

"అవి ఏనుగులకి అవ్వా."