గుమ్మడికాయ కొట్టని పడవ

ఫిలింనగర్‌లో ఓ ఖాళీ ప్లాటు. ఆగిపోయిన సినిమా కోసం కొన్న పాత కాటమరాన్ తెరచాప పడవ ఎక్కి డైరెక్టర్ స్పానర్ తిప్పుతున్నాడు. కింద ప్రొడక్షన్ మేనేజర్ నిలబడ్డాడు.

“సార్, జర కిందికి దిగుండ్రి.”

“ఉండవయ్యా. తుప్పు పట్టిన కప్పీలు, బోల్టులు అన్నీ మార్చేశాను. తెరచాప స్తంభం అడుగున బోల్టు ఒక్కటే మిగిలింది. హీరో డేట్లివ్వగానే సముద్రంలోకి దింపేద్దాం.”

“ఇగ ఇయ్యడు సార్. నిన్ననే వేరే సినిమాకు కొబ్బరికాయ కొట్టిండు. మన ప్రొడ్యూసరే తీస్తుండు.”

“మరి పడవ?”

“దానికే ఇచ్చేసిండ్రు. రేపు లారీ వస్తది.”

“పోన్లే, ఇదైనా సముద్రం చూస్తుంది. కొత్త బోల్టులు ఉప్పునీళ్ళకి తట్టుకుంటాయని చెప్పు వాళ్ళకి.”

“సముద్రం గాదు సార్. ఫైటు సీన్ల పేల్చేస్తరట.”

స్పానర్ ఆగింది. కాసేపటికి మళ్ళీ తిరిగింది.

“ఇంకెందుకు సార్ బిగిస్తున్నరు?”

“ఊడిపోయే పడవని ఎలా పంపనయ్యా? రేపు నువ్వూ లారీ ఎక్కు. ఓ గుమ్మడికాయ పట్టుకెళ్ళు.”

“అది షూటింగ్ ఆఖరి రోజు కొడ్తరు గద సార్. వాళ్ళది ఇప్పుడే షురువైంది.”

“వాళ్ళకి కాదు. పేల్చేముందు పడవ దగ్గర మన సినిమాకి కొట్టెయ్.”