అయిదో గదిలో ఉత్తుత్తి రోగి

పొద్దున పది దాటాక చియాయి ఊళ్ళో ఆ-షియా టీ కొట్టు ముందు లియావ్ టియెన్-ఫా నోరు తెరిచాడంటే, దాన్ని మూయించడం ఎవరి తరమూ కాదు. ఆ సంగతి సిన్-తీకి ఎవరూ చెప్పలేదు. వచ్చి అరగంటైంది, ఓ మూల స్టూలు మీద కూచుంది, రెండు కప్పుల టీ తాగింది, తను అడగాల్సిన ఒక్క మాటకి సందు దొరకలేదు.

ఆ ఒక్క మాట మీదే ఆమె బతుకు వేలాడుతోంది. సిన్-తీ డాక్టరు చదువులో ఆఖరి ఆరునెలల్లో ఉంది. ఆఖరి ఆరునెలలంటే మిగతావాళ్ళకి సగం పండగే. ఒకడు సైకిలేసుకుని దీవి మొత్తం చుట్టొచ్చాడు. హాస్టల్ అమ్మాయిలు బజారునుంచి పంది కాళ్ళు తెచ్చి, వాటి మీద కుట్లు వెయ్యడం నేర్చుకుని, ఆ దారాలు పీకేసి అవే కాళ్ళు సోయా పులుసులో ఉడికించుకు తిన్నారు. ఆగస్టు వస్తే అందరూ తలో ఆస్పత్రిలో చేరతారు. ఈలోగా గట్టెక్కాల్సింది కాలేజీవాళ్ళ గదుల పరీక్ష. వరసగా పన్నెండు గదులు, గదికో ఉత్తుత్తి రోగి, గదికి ఎనిమిది నిమిషాలు. రోగి తనకిచ్చిన కాగితం ప్రకారం రోగం నటిస్తాడు, పిల్లలు చూసి ఏం కనిపించిందో రాస్తారు.

అయిదో గదిలో ఓ పెద్దాయన చెయ్యి పట్టుకుని సిన్-తీ "నాడి తడబడుతోంది" అని రాసింది. మాస్టారి కాగితంలో నాడి మామూలే అని ఉంది. మాస్టారు లోపలికొచ్చి స్వయంగా పట్టుకు చూస్తే అప్పటికి మామూలుగానే కొట్టుకుంటోంది. పెద్దాయన్ని అడిగితే "నాకేమైందండీ, గుండ్రాయిలా ఉన్నాను" అన్నాడు. తెలియక తప్పు రాస్తే మార్కులు పోతాయి, లేనిది ఉన్నట్టు రాస్తే ఏడాదే పోతుంది. ఇవాళ రెండు గంటలకి సంజాయిషీ చెప్పుకోవాలి. నమ్మకపోతే ఆగస్టూ లేదు, ఆస్పత్రీ లేదు.

ఆ పెద్దాయన ఈ టియెన్-ఫానే. పరీక్షనాడు ఆమె మొహానికి మాస్కు ఉండటంతో ఆయన ఈ పిల్లని గుర్తుపట్టలేదు, కొత్త శ్రోత దొరికిందని మాత్రం గొంతు ఇంకాస్త పెంచాడు.

"మొదట్లో నేనూ మామూలు మనిషినేనమ్మా" అన్నాడు ఆమెవైపు తిరిగి. "చెరకు మిల్లులో ముప్ఫై ఏళ్ళు కాటా దగ్గర కూచున్నవాణ్ణి, నాకు నటనేం తెలుసు? మొదటిరోజు కడుపునొప్పి ఇచ్చారు. చిన్న వేషమే. పొట్ట పట్టుకుని ఇలా కొంచెం వంగానంతే, వచ్చిన కుర్రాడు అడగాల్సిన ప్రశ్నలన్నీ మరిచిపోయి, సంచిలోంచి అల్లం మిఠాయి తీసి నా నోట్లో పెట్టి, ఎనిమిది నిమిషాలూ నా వీపు రాస్తూ కూచున్నాడు. పాపం, ఫెయిలయ్యాడు."

"కడుపునొప్పి మా మనవడూ నటిస్తాడు, సోమవారం పొద్దున" అన్నాడు పాంగ్. ఈయన బస్సు నడిపి రిటైరైనవాడు, రోజూ పక్క స్టూలు ఈయనదే.

"నీ మనవడికి ఆపరేషన్ దాకా వెళ్ళిందా? నాకెళ్ళింది. మరుసటేడు అపెండిక్స్ ఇచ్చారు. ఆ అరుపు అరిచానూ, నాలుగంతస్తుల పైన సర్జనుగారు అన్నం తింటున్నవాడు చాప్‌స్టిక్సు పడేసి పరిగెత్తుకొచ్చాడు. నన్ను తోపుడు మంచమెక్కించి లోపలికి తీసుకుపోయారు. అయ్యా, ఇది పరీక్ష, నేను నటుణ్ణి అంటాను, నొప్పికి మతి పోయి మాట్లాడుతున్నాడు పాపం అంటాడాయన. కోసేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తీసి చూస్తే అపెండిక్స్ నిజంగానే వాచి ఉంది. నా నటన చూసి అది కూడా నమ్మేసింది పాంగ్, నా సొంత అపెండిక్స్."

ఆ-షియా కెటిల్ పట్టుకుని నవ్వుతూ వచ్చింది. "మచ్చ చూపించు మరి."

"నలుగురిలో ఎలా చూపిస్తానమ్మా, ఆడపిల్ల కూచుంది. ఇంకోసారి ఏమైందో విను. పురుడొచ్చిన మనిషిగా నటించాల్సినావిడ ఆ రోజు రాలేదు. మాస్టార్లు తలలు పట్టుకున్నారు. టియెన్-ఫా, ఇక నువ్వే దిక్కు అన్నారు. నేను దుప్పటి కప్పుకున్నాను, నాకు మాత్రం ఏం తెలుసు, మా పక్కింటావిడ పురుడు గోడవతలనుంచి విన్నదే. మూడు నొప్పులు పడ్డాను. నాలుగోదానికి గదిలో పిల్లలు వేణ్ణీళ్ళకి పరుగెత్తారు. అయిదోదానికి వీధిలో తెలిసిపోయింది. సాయంత్రానికి మా ఇంటిముందు నువ్వులనూనె కోడికూర గిన్నెలు పదకొండు. బాలింత పథ్యం నెల్లాళ్ళు తిన్నానయ్యా, కాదనలేక. కుటుంబ నమోదు ఆఫీసునుంచి మనిషొచ్చాడు, బిడ్డ పేరేమిటి రాసుకుంటానని."

"ఏం పేరు పెట్టావు?" అంది ఆ-షియా.

"ఇంకా ఆలోచిస్తున్నానని చెప్పి పంపేశాను."

సిన్-తీకి నవ్వొచ్చింది, వచ్చినందుకు తనమీద తనకే కోపమొచ్చింది. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. ఇలాంటి మనిషిని తీసుకెళ్ళి ఎవరి ముందు నిలబెడితే మాత్రం ఎవరు నమ్ముతారు? పెదవి కొరుక్కుని మూడో కప్పు అందుకుంది.

"పురుడు సరే, ఇంకేం మిగిలింది, చావేగా" అన్నాడు పాంగ్.

"అదీ అయింది. చనిపోయాడని ఇంటివాళ్ళకి మెత్తగా ఎలా చెప్పాలో నేర్పే పరీక్ష. శవానికి బొమ్మని వాడతారు, బొమ్మలో జీవం లేదని నన్ను పడుకోబెట్టారు. పడుకున్నాను. చచ్చాను. గది చల్లబడింది. యంత్రం మీద గీత తిన్నగా పోయింది, ఇద్దరు అమ్మాయిలు ఏడ్చారు, ఒకమ్మాయి నా చెప్పులు జత చేసి పెట్టింది. ఆ తర్వాత ఎవరొచ్చారో తెలుసా? చచ్చినవాళ్ళని పట్టుకుపోయే నగరదేవుడి భటులిద్దరూ వచ్చారు, తెల్లబట్టల పొడుగాయనా, నల్లబట్టల పొట్టాయనా, సంకెళ్ళతో సహా. పొడుగాయన నా కాలర్ పట్టుకున్నాడు. నేను కళ్ళు తెరవకుండా జేబులోంచి కాలేజీవాళ్ళ కాగితం తీసి ఇచ్చాను. ఇద్దరూ చదివారు. పరీక్షట, మనం పొరపాటున వచ్చాం అని పొట్టాయన సణుక్కున్నాడు. వెళ్తూ వెళ్తూ తలుపు కూడా దగ్గరగా వేశారు. మర్యాద తెలిసినవాళ్ళు."

పాంగ్ టీ పొలమారి దగ్గాడు. ఆ-షియా ఆయన వీపు మీద నాలుగు చరిచింది. "చావు తర్వాత ఇక కథ ఉండదు. లే, ఇంటికెళ్ళు."

"ఉంది" అన్నాడు టియెన్-ఫా. గొంతు తగ్గించాడు, అది ఆయన చేసే పనే కాదు. "అవన్నీ ఒంటితో చేసేవి ఆ-షియా, ఎవడైనా చేస్తాడు. గుండెని ఆడించినవాణ్ణి చూశావా? పోయినవారం అయిదో గదిలో మామూలు తలనొప్పి ఇచ్చారు నాకు. వట్టి చప్పిడి వేషం. బక్కపల్చటి పిల్లొకతె వచ్చింది, ఎంత మర్యాదో, కుర్చీ దగ్గరగా జరుపుకుని, చేతులు వెచ్చగా రుద్దుకుని మరీ నా చెయ్యి పట్టుకుంది. ఇంత శ్రద్ధగా చూసే పిల్లకి ఉత్త తలనొప్పేం ఇస్తాం అనిపించింది. గుండెతో చెప్పాను, ఒరే కాస్త గెంతు అని. గెంతింది. రెండు కొట్టి ఒకటి ఆపు అన్నాను, ఆపింది. గుర్రానికి కళ్ళెం వేసి పట్టుకున్నాననుకో. ఆ పిల్ల మొహం పాలిపోయింది. మాస్టారు పరుగెత్తుకొచ్చేసరికి ఒరే సర్దుకో అన్నాను, సర్దుకుంది. ఆయన ఆ పిల్లని చెడామడా తిట్టాడు. అదీ నటనంటే."

సిన్-తీ చెవులు ఎర్రబడ్డాయి. అరిచేద్దామనుకుంది. అరిస్తే ఈయన ఇంకో కథ అల్లుతాడు. అందుకని స్టూలు దగ్గరగా లాక్కుంది.

"పెదనాన్నా, ఒక్కసారి ఆడించి చూపిస్తారా? నేనెప్పుడూ చూళ్ళేదు."

అంతకంటే ఏం కావాలి ఆయనకి. చొక్కా చెయ్యి పైకి మడిచి మణికట్టు బల్లమీద పెట్టాడు. సిన్-తీ మూడు వేళ్ళు ఆనించింది. రెండు కొట్టి ఆగింది, ఒకటి కొట్టి ఆగింది, మూడు గబగబా కొట్టింది. అయిదో గదిలో ఎలా ఉందో అలాగే ఉంది. తను తప్పు రాయలేదు. ఆ ఆనందానికి కళ్ళు చెమర్చాయి, వెంటనే ఆనందపడ్డందుకు సిగ్గేసింది, ఎందుకంటే వేళ్ళకింద ఉన్నది ఒక మనిషి గుండె.

"ఆడుతోందా?" అన్నాడు టియెన్-ఫా, నలుగురివంకా చూస్తూ.

"ఆడుతోంది. ఇప్పుడు ఆపండి."

"ఏంటి?"

"నటన ఆపండి పెదనాన్నా. మాస్టారు వచ్చినప్పుడు సర్దుకోమన్నారు కదా, అలా సర్దుకోమనండి."

టియెన్-ఫా కళ్ళు మూసుకున్నాడు. గడ్డం గుండెకి ఆనించి ఏదో గొణిగాడు. ఆ-షియా కెటిల్ దించింది. సిన్-తీ గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టింది, ఇంకో నిమిషం లెక్కపెట్టింది.

"ఆగలేదు" అంది.

"టీ ఘాటెక్కువైంది ఇవాళ. ఆ-షియా, నువ్వు—"

"ఇలా ఇవ్వు" అని పాంగ్ ఆయన రెండో చెయ్యి లాక్కుని, బొటనవేలు పెట్టి, కాసేపు ఉండి, నెమ్మదిగా వదిలాడు. "నా పాత బస్సు ఇంజను నయం" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

సిన్-తీ జేబులోంచి మాస్కు తీసి మొహానికి పెట్టుకుంది. టియెన్-ఫా చూశాడు. అయిదో గదిలో కుర్చీ దగ్గరగా జరుపుకున్న పిల్లే అది.

"రెండు గంటలకి నన్ను పిలిచారు" అందామె. "అబద్ధం రాశానంటున్నారు. మీరొచ్చి చెయ్యి ఇస్తే చాలు, లేకపోతే నా ఏడాది పోతుంది. ఎన్నాళ్ళనుంచి ఉంది పెదనాన్నా?"

"కొత్తేడాది పండగనుంచి." నేలచూపులు చూశాడు. "వస్తుంది, పోతుంది. లోపల కప్ప గెంతినట్టుంటుంది. చెబితే తీసేస్తారమ్మా నన్ను. నిజం రోగం ఉన్నవాడు ఆ పనికి పనికిరాడు."

"తీసేస్తారు" అంది సిన్-తీ. తియ్యరని చెప్పడానికి నోరు రాలేదు.

"ముప్ఫై ఏళ్ళు కాటా దగ్గర నా మొహం చూసినవాడు లేడు, అందరూ ముల్లే చూశారు. అక్కడ రోజుకి ఇరవైమంది పిల్లలు కళ్ళల్లోకి చూసి ఎలా ఉంది పెదనాన్నా అని అడుగుతారు. ఇక ఎవరడుగుతారు?"

సిన్-తీ మాస్కు గడ్డం కిందకి లాక్కుంది. చెప్పాల్సింది చెప్పింది. "ఇలా వదిలేస్తే గుండెలో నెత్తురు గడ్డకట్టి తలకెక్కుతుంది. పక్షవాతం రావచ్చు. మాట పడిపోవచ్చు."

"మాటా?" అన్నాడు టియెన్-ఫా.

"మాటే."

పోతే పోనీ అనుకోడానికి అది కాలో చెయ్యో కాదు. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. నోరు తెరిచి, ఉందో లేదో చూసుకున్నట్టు "ఆ" అన్నాడు.

"మందులతో అదుపులో ఉంటుంది, చాలామందికి ఉంటుంది" అంది సిన్-తీ గబగబా. "వార్డులో ఉంచితే పొద్దున్నే డాక్టర్లు, విద్యార్థులు పదిమంది ఒకేసారి వస్తారు. పదిమందీ అడుగుతారు."

"ఒకేసారి పదిమందా?"

"నిజమైన రోగి కదా, ఆ మాత్రం ఉంటుంది" అంది ఆ-షియా.

టియెన్-ఫా మడిచిన చొక్కా చెయ్యి దించుకుని గుండీ పెట్టుకున్నాడు. "అది నటన కాదని నేనే చెబుతాను వాళ్ళకి. పద."

"అన్నా" అన్నాడు పాంగ్, ఆయన టోపీ అందిస్తూ. "ఇన్నేళ్ళలో నువ్వు చెప్పినవాటిలో ఇదొక్కటే నిజం. దాన్నీ కోతలు కోసి చెప్పావు గదయ్యా."

టియెన్-ఫా టోపీ పెట్టుకున్నాడు. బస్సెక్కేదాకా నోరెత్తలేదు, ఆమె భుజం పట్టుకుని నెమ్మదిగా నడిచాడు. సిన్-తీకి భయమేసి, సీట్లో కూచోగానే మళ్ళీ నాడి పట్టుకుంది. రెండు స్టాపులు దాటాక ఎదురు సీట్లో కూరల సంచి పెట్టుకున్నావిడ, ఎక్కడికండీ అని పలకరించింది. ఆయన వెన్ను నిటారైంది.

"పెద్దాసుపత్రికమ్మా. నాదేం మామూలు గుండె కాదు. అక్కడ పదిమంది డాక్టర్లు కాచుక్కూచున్నారు, నన్ను వెంటబెట్టుకు రమ్మని ఇదిగో, టీ కొట్టుకే డాక్టర్ని పంపించారు."

ఆవిడ సిన్-తీ వంక అనుమానంగా చూసింది. "నిజమేనా?"

"డాక్టర్ని ఇంకా కాలేదండీ" అంది సిన్-తీ, మణికట్టు మీద వేళ్ళు తియ్యకుండా. "మిగతాదంతా నిజమే."