తుమ్మిన కంప్యూటర్

రేపు గుంటూరు కాలేజీలో శిల్పకి డిగ్రీ మొదటిరోజు. ఇంగ్లీషు, లెక్కలు, కంప్యూటర్, మూడు క్లాసులూ ఒకదాని వెనక ఒకటి. ఇప్పటిదాకా చదివిందంతా తెలుగు మీడియం. "నేను వెళ్లను నాన్నా" అని తేల్చేసింది. కూతురికి నాలుగు ధైర్యం మాటలు చెబుతానని శివనాగరాజు వసారాలో కుర్చీ వేసుకుని, నల్లపాడు ఊరంతా వినపడేట్టు మొదలుపెట్టాడు.

"నేను కాలేజీలో చేరిన మొదటిరోజు ఇంగ్లీషు మేష్టారు నీ పేరేంటన్నాడు. లేచి ఇంగ్లీషులోనే చెప్పా, తప్పు లేకుండా."

"పేరేగా!" అన్నాడు పక్కింటి ఆదెయ్య.

"పేరుతో ఆగితేగా బాబాయ్! అందుకున్నాక బెల్లు కొట్టినా ఆపలా. చివరికి మేష్టారే వచ్చి నా బెంచీలో కూర్చుని రాసుకున్నాడు. తర్వాత లెక్కలు. చేస్తున్నా, చేస్తున్నా, బోర్డు చాల్లేదు, గోడ చాల్లేదు, వరండా దాటా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సుద్దముక్కలు అయిపోయినయ్! అప్పుడే పిడుగురాళ్ల నుంచి సున్నం లారీ వస్తోంది. ఆపి, ఓ గడ్డ తీసుకుని రోడ్డు మీద అందుకున్నా. కాలేజీ నుంచి మన రైలు గేటు దాకా ఒకటే లెక్క! పట్టాల మీదికొచ్చేసరికి గూడ్సు ఆగిపోయింది. నేను ఆన్సరు కింద గీత కొట్టేదాకా గార్డు పచ్చజెండా ఊపితే ఒట్టు!"

ఆదెయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. గుమ్మంలో నిలబడి వింటున్న శిల్ప మాత్రం నవ్వలేదు. ఇంత మొనగాడి కూతురు రేపు పేరు చెప్పడానికే తడబడితే? గుమ్మం లోపలికి ఇంకాస్త జరిగింది.

"ఇక కంప్యూటర్. కల్లంలో మిరపకాయలు ఎత్తి అట్నుంచటే వెళ్లానా, మీట నొక్కగానే ఘాటుకి హాచ్చని తుమ్మింది!"

"ఎవరు, మేష్టారా?"

"కంప్యూటర్ బాబాయ్! ఆ తుమ్ముకి అక్షరాలన్నీ ఊడి గాల్లోకి లేచినయ్. కండువా పరిచి పట్టి, మిరపనారు నాటినట్టు వరసలో నాటా. మర్నాటికి 'ఏ' అక్షరం పక్కన ఇంకో 'ఏ' మొలిచింది!"

"ఒరేయ్, ఆ కంప్యూటర్ గదిలోకి నువ్వెప్పుడొచ్చావురా?"

గేటు తీసుకుని వస్తున్నది కోటేశ్వరి. అతని క్లాసులోనే చదివి, ఇప్పుడు పెదకాకానిలో లెక్కల టీచరు.

"చెప్పులు బయట విప్పి లోపలికి రమ్మనేవాళ్లు. 'ఎవరైనా ఎత్తుకుపోతారు, నేను చూస్తుంటా' అని ఏడాదంతా మెట్ల మీద మా చెప్పులకి కాపలా కూర్చున్నావుగా! పరీక్షరోజు నేను రెక్క పట్టి లాక్కొస్తే వచ్చావు."

శివనాగరాజు గొంతు సవరించుకున్నాడు. "నీ చెప్పు తెగితే పిన్నీసు పెట్టి బిగించిందెవరో అదీ చెప్పు మరి."

"నువ్వేలే" అంది కోటేశ్వరి, మెత్తబడి. "లోపలున్నవాళ్లం మాత్రం భయం లేకనా? ఆ చల్లటి గదిలో మీట ముట్టుకోవాలంటే ముందు పక్కవాళ్లని నొక్కమనేదాన్ని."

శిల్ప వసారాలోకి వచ్చింది. తండ్రిని కిందినుంచి పైదాకా చూసింది, కొత్తగా. పక్కున నవ్వింది.

"నాన్నా, రేపు పొద్దున్నే లేపు. కాలేజీ గేటు దగ్గర దింపేసి నువ్వొచ్చెయ్. నా చెప్పులు నేను చూసుకుంటా."