ఎవాల్డ్ వెన్న ధర దించిన రోజు

2022, చలికాలం. బోట్రొప్‌లో మా కిటికీ కొట్టు ముందు ఎవాల్డ్ కొవాల్కా బీరు సీసా పట్టుకుని తిట్లు లంకించుకున్నాడు. బ్రూనోని పూడ్చి అప్పటికి తొమ్మిది రోజులు. బొగ్గుగనిలో ముప్పై ఏళ్ళు మేమంతా ఒకే షిఫ్టు.

"పావుకిలో వెన్న రెండు యూరోల ఇరవైతొమ్మిది సెంట్లట, దొంగవెధవలు! నిరుడు ఒకటీ నలభై. ఈ ఏడాది ఆవులకి బంగారు గడ్డి మేపారా? పూడ్చి వచ్చాక అందరికీ పెట్టే చావు కేకు ఆరు పళ్ళాలు వెయ్యాలి మా ఆవిడ మార్లిస్. పూడ్చే రోజు పొద్దున తొమ్మిదింటికి నాలుగు పొట్లాలు తక్కువయ్యాయంది. 'చర్చి వెనక కొట్టులో కొనుక్కొచ్చెయ్, పదకొండుకి బ్రూనో పెట్టె మొయ్యాలి' అంది. నేనప్పటికే గనివాళ్ళ నల్ల యూనిఫాం వేసుకుని, ఈకల టోపీ పెట్టుకుని తయారు. పెట్టెకి ఎడమ వెనక మూల నాది, మీకు తెలుసుగా."

"తెలుసు," అన్నాడు కోన్రాడ్. కుడి వెనక మూల ఆయనది.

కొట్టు నడిపే హన్నెలోరె కిటికీలోంచి తల బయటపెట్టింది. "నూనెతో చేసే చవక వెన్న వేస్తే సరిపోయేదిగా ఎవాల్డన్నా?"

"నూనె వెన్నా? బ్రూనో చావుకా? వాడు గోతిలోంచి లేచొచ్చి నా చెంప పగలగొట్టడూ! విను. చర్చి వెనక కొట్టుకెళ్ళాను. రెండూ ఇరవైతొమ్మిది. శనివారం తలుపు సందులో పడేసే ధరల కాగితాలన్నీ నా జేబులోనే ఉంటాయి, తీసి చూశాను. కాలువ పక్క కొట్టులో రెండూ పందొమ్మిది! ఇక వదులుతానా? పది సెంట్ల కోసం కాదమ్మా, పౌరుషం కోసం. సైకిలెక్కాను. అక్కడి మేనేజరుతో, 'చర్చి వెనకవాడు రెండూ తొమ్మిదికి ఇస్తానన్నాడు' అని ఒక్క మాట వేశాను. వాడు బెదిరిపోయి ఒకటీ తొంభైకి దించాడు. వెనక్కి తిప్పి చర్చి వెనకవాడికి ఈ సంగతి చెప్పాను, వాడు ఒకటిన్నరకి దించాడు. అక్కణ్ణుంచి స్టేషను కొట్టు, మళ్ళీ కాలువ, మళ్ళీ చర్చి..."

"ఆ మంచులోనా?"

"మంచెక్కడిది? నా చక్రాల వేడికి రోడ్డంతా కరిగిపోతేనూ! నేను గుమ్మం దాటీ దాటకముందే ఆ గాలికి ధరల చీటీలు వాటంతటవే రాలిపోతున్నాయి. ఒక యూరో, ఎనభై సెంట్లు, ముప్పై... ఆఖరికి పొట్లం పట్టుకెళ్తే ఎదురు పది సెంట్లు ఇచ్చారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడు కొట్ల యజమానులూ ఒకే హెలికాప్టరులో దిగారు. మోకాళ్ళ మీద పడ్డారు. 'కొవాల్కా గారూ, కనికరించండి, దేశమంతా ఆవులు సమ్మె కట్టాయి' అని ఏడ్చారు. నిరుడు మీ గల్లాపెట్టెలు నిండినప్పుడు ఈ కన్నీళ్ళేమయ్యాయిరా అని అడిగాను. లేవండి, నాకు టైమైంది, అవతల బ్రూనో కనిపెట్టుకుని ఉన్నాడు అన్నాను. వాళ్ళే నన్ను స్మశానం దగ్గర దించారు. పైనుంచే కనపడింది, ఫాదర్ గంట తాడు పట్టుకుని కొట్టకుండా ఆగిపోయున్నాడు. 'ఎవాల్డ్ రాందే పెట్టె లేవదు' అంటున్నాడు. బ్రూనో పెట్టె నా కోసం అలాగే..."

"లేచింది," అన్నాడు కోన్రాడ్.

ఎవాల్డ్ నవ్వబోయాడు. కోన్రాడ్ వదల్లేదు.

"పదకొండుకి గంట మోగింది. పది నిమిషాలు ఆగాం. ట్రౌడె, మొగుణ్ణి పెట్టెలో పెట్టుకున్న మనిషి, నీ కోసం రెండుసార్లు గేటు దాకా వెళ్ళి చూసొచ్చింది. 'ఎవాల్డ్ వస్తాడు, బ్రూనోకి మాటిచ్చాడు' అంది. పన్నెండింటికి ఫాదర్‌కి ఇంకో చావుంది. ఎంతసేపని ఆగుతాడు?"

"సైకిలు గొలుసు తెగింది కోన్రాడ్. స్టేషను కొట్టులో బారెడు వరస..."

"స్టేషను కొట్టుకి ఎందుకు పోయావు?"

"కాలువ దగ్గర అయిపోయిందన్నారు. కాగితంలో వేస్తారు, కొట్టులో ఉంచరు, లుచ్చాలు! స్టేషన్లో అదే ధరకి ఉందంటే..."

"వాళ్ళు లుచ్చాలే. కాదన్నానా? నువ్వేమిటి మరి? మేం కేకు తింటుంటే వెన్న సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డావు. నాలుగు పళ్ళాలే అయ్యాయి, అవీ మిగిలాయి. వచ్చినవాళ్ళు సరిగా తినలేదు. ట్రౌడె నీకు కుర్చీ చూపించింది, నీ మొహం మాత్రం చూడలేదు. తొమ్మిది రోజులకి నోరు విప్పి, హెలికాప్టరంటావా!"

ఎవాల్డ్ సీసా కిటికీ చెక్క మీద పెట్టాడు.

ఒక్కో పొట్లం మీద పది సెంట్లు, నాలుగింటి మీద నలభై మిగిలాయి. పెట్టె ఎడమ వెనక మూలను శవాల బండి డ్రైవరు మోశాడు. అతను బ్రూనోని ఎన్నడూ చూసి ఎరగడు.