ఏనుగులకు తవ్విన గుంట

నా పేరు పొట్నూరు అమ్మన్న. తండ్రి కీ.శే. చిన్నారావు. వయసు యాభై ఆరు. రైల్వేలో కీమ్యాన్‌ని. రోజూ పట్టాల వెంట నడుస్తూ వదులైన కీలు సుత్తితో బిగించడం నా పని. కాపురం బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌లో. హిందీ వచ్చు గానీ, ఈ సంగతి తెలుగులో అయితేనే తడబడకుండా చెప్పగలనన్నాను. ఫారెస్టు రేంజర్ గారు ఒప్పుకున్నారు. మా ఆఫీసు భానుప్రియ గారు రాస్తున్నారు.

నా సెక్షన్‌లో లైనుకు ఉత్తరాన అడవి. అందులో ఒక వాగు ఉండేది. అవతల బొగ్గు గని తవ్విన రెండో ఏడు అది ఎండిపోయింది. అంతకుముందు ఏనుగులు లైను దాటడం ఏడాదికి ఒకటి రెండుసార్లు చూసేవాణ్ణి. వాగు పోయాక నీళ్ల కోసం రోజూ దాటసాగాయి. మూడు ఆడ ఏనుగులు, ఒక గున్న. గున్న నా నడుము ఎత్తు ఉండేది.

లైనుకు దక్షిణాన మా గ్యాంగు గుడిసె, పక్కనే చేతిపంపు. నిరుడు మార్చిలో పంపు కింద గుంట తవ్వాను. ఎవరూ తవ్వమనలేదు. స్టేషనుకు ఫోన్ చేసి, అరగంట దాకా బండి లేదంటేనే పంపు కొట్టేవాణ్ణి. పంపు కీచుమంటే నాలుగూ వచ్చి, తాగి, వెళ్లిపోయేవి. ఏనుగులు కనిపిస్తే పైకి చెప్పడం నా డ్యూటీ. గుంట సంగతి బయటపడుతుందని చెప్పలేదు.

ఈ ఏప్రిల్ పద్దెనిమిదిన మధ్యాహ్నం మూడింటికి నా భార్య చిన్నతల్లి ఫోన్ చేసింది. "ఈయేలైనా పొద్దుండగా వొస్తారేటి? గోల్ బజార్ ఎల్లి కుక్కర్ కొనాలి కదా" అంది. నాలుగింటి ప్యాసింజర్ అందుకోవాలి. ఎండ మండిపోతోంది. గున్నకు దాహంగా ఉంటుందనుకున్నాను. మూడుంపావుకు పంపు కొట్టాను. స్టేషనుకు ఫోన్ చెయ్యలేదు. ఫోన్ చొక్కా జేబులోనే ఉంది. చెయ్యలేదు.

గుంట నింపి స్టేషన్ వైపు రెండు వందల అడుగులు వేశానేమో, హారన్ వినిపించింది. వెనక్కి తిరిగి చూశాను. పెద్దవి మూడూ దాటేశాయి. గున్న పట్టాల మధ్య ఉంది. హారన్‌కు బెదిరినా వెనక్కి పోలేదు. తల్లి ఇటు ఉంది, నీళ్లూ ఇటే ఉన్నాయి.

బండి నడిపిన రమణబాబు దిగి కంకర మీద కూలబడ్డాడు. "బాబాయ్, హారన్ కొడతానే ఉన్నాను. బ్రేకూ ఏసాను. బొగ్గు లోడు, టక్కున ఆగుద్దేటి?" అన్నాడు. స్పీడు తగ్గించమని అతనికెవరూ కాగితం ఇవ్వలేదు. నేను చెబితే కదా ఇచ్చేది. అతన్ని డ్యూటీ నుంచి ఆపారని తెలిసి నా అంతట నేనే వచ్చాను. ఆ అబ్బాయి తప్పు లేదు. తప్పు నాది. మేలు చేస్తున్నాననుకుని నా చేతులారా చంపుకున్నాను.

గుంట పూడ్చమన్నారు. నేనే పూడ్చాను. మర్నాడు మూడూ వచ్చాయి. పంపు ఎవరూ కొట్టలేదు, అయినా వచ్చాయి. తల్లి కొత్త మట్టిని కాలితో గీరింది. తొండం ఆనించి చాలాసేపు నిలబడింది. నేను గుడిసెలోనే ఉన్నాను. పంపు ముట్టుకోలేదు.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, ఎవరి బలవంతమూ లేదు. నిజమని ఒప్పుకుని కింద చేవ్రాలు చేస్తున్నాను.

(సం.) పొ. అమ్మన్న